భీమవరం వైపు చూస్తే... రాకెట్!

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే నిడదవోలులో కనిపిస్తుందా?

ఊళ్లో ఎవర్నడిగినా నవ్వేస్తారు. ఎక్కడి పులికాట్ సరస్సు, ఎక్కడి గోదావరి కాలువ! రాత్రి రైలెక్కి పడుకుంటే కృష్ణ దాటి, పెన్న దాటి, ఎప్పటికో సూళ్లూరుపేట వస్తుంది. అక్కణ్నుంచి మళ్లీ బస్సు. అంత దూరాన లేచింది ఇక్కడికెలా కనిపిస్తుందండీ అంటారు. ఒక్కాయన మాత్రం నవ్వరు. ‘కనిపిస్తుందా అని కాదండీ, ఎన్నో సెకనులో కనిపిస్తుందని అడగండి’ అంటారు.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్భై దాటాయి. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది వాయిదాల మీద నడుస్తోంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పారు. సైన్సు మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసూ ఈయనకే పడేది. అలా ఏటా చెప్పాల్సొచ్చిన ముక్క ఒకటుంది... భూమి గుండ్రంగా ఉంటుందని. దానికి రుజువేమిటి? దూరాన్నుంచి వచ్చే ఓడకి ముందు తెరచాప కొయ్య కనిపిస్తుంది, తర్వాతే ఓడ కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మ కూడా ఉండేది. పిల్లలు ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునేవారు.

ఓసారి పిల్లల్ని పేరుపాలెం బీచికి తీసుకెళ్లారు. చద్ది మూటలు విప్పకముందే ఓ కుర్రాడు సముద్రం కేసి చూసి ‘ఓడేదండీ?’ అన్నాడు. ఓడ లేదు. ఒడ్డుకి దగ్గర్లో నాలుగు వేట పడవలున్నాయంతే. సాయంత్రం దాకా చూసినా ఓడ రాలేదు. ‘పోనీ మీరెప్పుడైనా చూశారాండీ?’ అన్నాడు వాడే, బస్సెక్కుతూ. లేదురా అన్నారు మాస్టారు. అబద్ధమాడినా సరిపోయేది, వాడు నమ్మేసేవాడు. భూమి గుండ్రమని ఆయనకేమీ అనుమానం లేదు. కానీ చదివి చెప్పడం వేరు, చూసి చెప్పడం వేరు కదా! ఆ ప్రశ్న ఆయన మనసులో అరికాల్లో ముల్లులా ఉండిపోయింది.

రాకెట్ల సంగతి తట్టింది 2013లో. శ్రీహరికోట నుంచి రాకెట్లు 1971 అక్టోబరు 9 నుంచీ ఎగురుతూనే ఉన్నాయి. అయితే ఎక్కువగా పగటిపూటే. పట్టపగలు దీపం పెడితే పక్కింటివాడికైనా ఆనదు కదా! ఆ ఏడాది జులై 1న మాత్రం పీఎస్‌ఎల్‌వీ-సి22 రాత్రి 11 గంటల 41 నిమిషాలకు ఎగురుతుందని పేపర్లో వచ్చింది. అర్ధరాత్రి వేళ ప్రయోగమంటే ఇస్రోకి అప్పటికి కొత్త. మాస్టారు ఆ పేపరు మార్జిన్లోనే లెక్క వేశారు.

లెక్క చిన్నదే. ఐదో తరగతి పిల్లలూ వేయొచ్చు. నిడదవోలు నుంచి శ్రీహరికోటకి గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 380 కిలోమీటర్లు. 380ని 380తో గుణిస్తే 1,44,400. దాన్ని భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లతో భాగిస్తే పదకొండు పైచిలుకు వస్తుంది. అంటే శ్రీహరికోట దగ్గరికెళ్లేసరికి భూమి మన చూపుకి 11 కిలోమీటర్లు కిందికి వంగిపోయి ఉంటుందన్నమాట. రాకెట్ అంత ఎత్తూ లేస్తే గానీ మన కంటపడదు. గాలి వెలుగుని కాస్త వంచుతుంది కాబట్టి ఓ కిలోమీటరు తగ్గించుకోవచ్చు. ఇదే లెక్క చెన్నైకి వేస్తే అరకిలోమీటరు కూడా రాదు. అందుకే చెన్నైవాళ్లు డాబా ఎక్కితే చాలు, రాకెట్ లేచీ లేవగానే చూసేస్తారు. విజయవాడకి ఎనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువ, రాజమండ్రికి పన్నెండున్నర, విశాఖకైతే ఇరవైమూడు. ఏ ఊరి వంపు ఆ ఊరిది!

పీఎస్‌ఎల్‌వీ పదకొండు కిలోమీటర్లు లేవడానికి యాభై సెకన్లు అటూ ఇటూ పడుతుంది. నిమిషం యాభై సెకన్ల దగ్గర మొదటి దశ మండటం అయిపోయి ఊడిపోతుంది. అప్పటికి రాకెట్ అరవై, డెబ్భై కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ మొదటి దశలో ఉండేది 139 టన్నుల ఘన ఇంధనం. దాని మంట ముందు వెయ్యి చిచ్చుబుడ్లూ దిగదుడుపే. రెండో దశది ద్రవ ఇంధనం. దాని మంట ఇంత దూరానికి ఆనదు. మొత్తమ్మీద నిడదవోలు వాటాకి వచ్చేది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం పదకొండేళ్లు కనిపెట్టుకుని కూర్చున్నారాయన.

ఏ దిక్కుకి చూడాలో కూడా మ్యాపు మీద స్కేలు పెట్టి తేల్చారు. దక్షిణం, కాస్త పడమర. మనవాళ్ల భాషలో చెప్పాలంటే భీమవరం వైపు. నిడదవోలు నుంచి భీమవరం మీదుగా గీత గీసి అలాగే పొడిగిస్తే సముద్రంలో దిగి, సరాసరి శ్రీహరికోట దగ్గర తేలుతుంది. గీతలో చాలా భాగం నీళ్ల మీదే. అంటే దారిలో పెద్ద ఊళ్ల దీపాలు లేవు.

అన్నీ బాగానే ఉన్నాయి. కొబ్బరిచెట్లతోనే వచ్చింది చిక్కు.

చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి మందం ఆకాశంలో పది డిగ్రీలు. నిడదవోలువాళ్లకి రాకెట్ ఆ పిడికిలంత ఎత్తు కూడా లేవదు, ఎనిమిది డిగ్రీలతో సరి. వంద మీటర్ల దూరంలో నిలువెత్తు కొబ్బరిచెట్టుంటే చాలు, దాని మట్టల వెనకే కథంతా ముగిసిపోతుంది. కోనసీమకి కొబ్బరే పేరంటారు గానీ ఇటూ తక్కువేం లేదు. మాస్టారింటికి దక్షిణాన వరసగా ఏడు చెట్లు. అవి ఆయనవి కావు కాబట్టి కొట్టించమనడానికి లేదు. ఆయనవే అయినా ఆవిడ ఒప్పుకోరు.

2013 జులైలో చెట్లదాకా కూడా రాలేదు వ్యవహారం, ఆకాశమంతా మబ్బు. 2014 అక్టోబరు 16న పీఎస్‌ఎల్‌వీ-సి26 తెల్లవారుజామున 1 గంట 32 నిమిషాలకు ఎగిరింది. విశాఖలో హుద్‌హుద్ విరుచుకుపడి అప్పటికి నాలుగు రోజులే. మాస్టారు అలారం పెట్టుకుని లేచి డాబా ఎక్కారు. ఆకాశం ఉంది, నక్షత్రాలున్నాయి, ఏడు కొబ్బరిచెట్లూ ఉన్నాయి. 2018 సెప్టెంబరు 16న సి42 రాత్రి 10 గంటల 8 నిమిషాలకు ఎగిరింది. ఈసారి ఓ తెలిసినవారి మూడంతస్తుల మేడ మాట్లాడుకున్నారు. అవి వినాయక నవరాత్రులు. కింద పందిట్లో సీరియల్ లైట్లు, ఫోకస్ లైట్లు, పాటలు. భీమవరం వైపు ఆకాశమంతా పాల మీగడలా తెల్లగా ఉంది. విఘ్నాలు తీర్చే స్వామే అడ్డుకున్నాడని గొణుక్కుంటూ దిగొచ్చారు.

2019 జులై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు బయల్దేరాలి. అది ఇంకా పెద్ద రాకెట్, పక్కనే రెండు భారీ ఘన ఇంధన బూస్టర్లు. మాస్టారు పడుకోకుండా కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా 56 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు. ఆ ప్రయోగం చూద్దామని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ శ్రీహరికోట దాకా వచ్చి ఉన్నారు. ‘రాష్ట్రపతిగారికే కనిపించలేదు, ఇక మీదెంతండీ, పడుకోండి’ అన్నారు ఆవిడ. ఇంతకన్నా పెద్ద ఓదార్పు ఏ భార్యా చెప్పలేదు. తర్వాత ఆ నెల 22న చంద్రయాన్-2 వెళ్లింది గానీ, మధ్యాహ్నం వెళ్లింది.

శ్రీహరికోటలోనే జనం కూర్చుని చూడటానికి 2019లో గ్యాలరీ కట్టారు. హైదరాబాద్‌లో ఉండే కొడుకు, నాన్నా తీసుకెళ్తానన్నాడు. వద్దన్నారు మాస్టారు. అక్కడ రాకెట్ నేల మీంచే లేస్తుంది. అందులో వంపేముంది? ఆయనకి కావాల్సింది రాకెట్ కాదు, అది ఆలస్యంగా రావడం. ఈ మాట కొడుక్కి అర్థం కాలేదు. మనవరాలికి అర్థమైంది. ఆ పిల్లకి పదకొండేళ్లు.

2024 డిసెంబరు 30. సోమవారం, అమావాస్య. ధనుర్మాసం. సోమవతి అమావాస్యని ఆవిడ పొద్దున్నే రావిచెట్టుకి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. మాస్టారికి మాత్రం అమావాస్య అంటే చీకటి. అంతకు మించిన శుభదినం లేదు. సెలవులకొచ్చిన మనవరాలు తోడుంది. పీఎస్‌ఎల్‌వీ-సి60 రాత్రి 9 గంటల 58 నిమిషాలకన్నారు. తర్వాత ఇస్రో దాన్ని 10 గంటల 15 సెకన్లకు జరిపింది. పైన కక్ష్యలో తిరుగుతున్న వేరే ఉపగ్రహాలకి మరీ దగ్గరగా పోకుండా ఉండటానికట. ఆకాశంలోనూ క్రాసింగులున్నాయన్నమాట!

ఈసారి డాబా జోలికి పోలేదు. ఆటో మాట్లాడుకుని ఊరి దక్షిణపు కొసన పొలాల దగ్గరికెళ్లారు. సార్వా కోతలైపోయి చేలు ఖాళీగా ఉన్నాయి. మోళ్ల మీద మంచు పడుతోంది. అక్కడక్కడా దాళ్వాకి ఆకుమళ్లు. ఎదర చూపుకి అడ్డమొచ్చే చెట్టు కిలోమీటరు దాకా లేదు. టార్చిలైటు వేసుకుంటూ గట్టు మీద నడిచారు. ఆవిడ ఇంట్లో ఉండిపోతారనుకున్నారు గానీ ‘చీకట్లో పురుగూ పుట్రా, మీకా సరిగ్గా కళ్లు కనపడవు’ అంటూ ఆవిడే ముందు ఆటోలో కూర్చున్నారు. పక్కింటి గార్డుగారూ వచ్చారు. ఆయన రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. జంక్షన్ ఊరు కదా, నిడదవోలులో ఏ నలుగురు చేరినా అందులో ఒకరు రైల్వేవారుంటారు.

తొమ్మిదీ యాభై ఎనిమిది అయింది. అందరూ భీమవరం వైపు చూశారు. ఏమీ లేదు. యాభై తొమ్మిదైంది. గార్డుగారు ‘ఇక రాదండీ’ అని కండువా చెవులకి చుట్టుకుని ఆటో దగ్గరికి నడిచారు. టైము మార్చారని మాస్టారు పొద్దున్నే చెప్పారు. కానీ జీవితమంతా జెండా ఊపి రైళ్లు పంపిన మనిషి, టైముకి రానిదాని మీద ఆయనకి గురి ఉండదు. రైలు రెండు గంటలు లేటైతే ఓర్చుకునే ఊరు రాకెట్ రెండు నిమిషాలు జరిగితే ఓర్చుకోలేకపోయింది.

మాస్టారు చేతి గడియారాన్ని సాయంత్రమే సెకన్లతో సహా సెల్‌ఫోన్ టైముతో సరిచేసుకున్నారు. ఫోన్లో లైవ్ చూస్తానన్న మనవరాలితో, అది ఆలస్యంగా వస్తుందే, నమ్మకు అన్నారు. పది గంటల పదిహేను సెకన్లకి లెక్కపెట్టడం మొదలెట్టారు. పైకే, క్లాసులో ఎక్కం చెప్పించినట్టు.

ఇరవయ్యో సెకను దగ్గర ‘అదిగో తాతయ్యా’ అంది పిల్ల. కాదు. అది నక్షత్రం. అకర్నార్ అని, సరిగ్గా ఆ దిక్కునే, ఎనిమిది డిగ్రీల ఎత్తున మసగ్గా మెరుస్తోంది. ఎడంగా ఇంకాస్త పైన అగస్త్య నక్షత్రం ఉంది. ‘దాని కిందే చూడు, దాని కిందనుంచే రావాలి’ అని చెప్పి మళ్లీ లెక్కలో పడ్డారు. నలభై. నలభై ఐదు. యాభై.

యాభై దగ్గర ఏమీ రాలేదు.

యాభై ఐదు. మాస్టారి గొంతు కొంచెం తగ్గింది. అరవై. ఎవరూ మాట్లాడలేదు. పదకొండేళ్లుగా ‘కనిపించదండీ’ అంటూ వచ్చిన ఆవిడ కూడా ఆ మాట అనలేదు. అరవై రెండు అంటుండగా పిల్ల ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈసారి అరవలేదు. చూపుడువేలు చాచింది.

మాస్టారికి కనపడలేదు. చేను అంచున నల్లటి గీత, ఆపైన మసక, అంతే. ‘ఎక్కడే, ఎక్కడే’ అంటున్నారు, లెక్క మాత్రం ఆపలేదు. డెబ్భై దగ్గర ఆవిడ చెయ్యి చాచి, ఆయన గడ్డం పట్టుకుని తల కాస్త ఎడమకి తిప్పారు. అప్పుడు కనిపించింది. నారింజ రంగు నిప్పురవ్వ. దూరాన ఎవరో బీడీ కాలుస్తున్నట్టుంది. పక్కన నక్షత్రం మినుకుమంటోంది, ఇది మినుకుమనడం లేదు. నిలకడగా, తొందర లేకుండా పైకి పాకుతోంది. ఎడమకి ఒరుగుతోంది. నేల గీత మీంచి లేచి నక్షత్రమున్నంత ఎత్తుకి వచ్చింది. ఈలోగా పిల్ల చేతిలో ఫోను వెలిగింది. అందులో రాకెట్ ఇంకా ఇప్పుడే నిప్పులు కక్కుతూ గద్దె మీంచి లేస్తోంది!

నూట పది దగ్గర రవ్వ సన్నగిల్లింది. ఆరిపోయింది. మొదటి దశ ఊడిపోయిందన్నమాట.

‘అంతేనా?’ అన్నారు ఆవిడ.

‘అంతే’ అన్నారు మాస్టారు.

యాభయ్యో సెకనుకి రావాల్సింది అరవై రెండుకి ఎందుకొచ్చిందో ఆటో దాకా చెప్పుకుంటూ వెళ్లాల్సిన మనిషి, గట్టు మీదే తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. నేల అంచున మంచు, పొగ ఉంటాయి, మొదటి డిగ్రీ అందులో పోయిందని పిల్లకి క్లుప్తంగా చెప్పారు. ఇంటికి పోదాం లేవండంటే లేవలేదు. ఇంకా చప్పుడు రావాలట! ధ్వని సెకనుకి 340 మీటర్లు నడుస్తుంది. 380 కిలోమీటర్లు రావడానికి పద్దెనిమిదిన్నర నిమిషాలు. అంత దూరం రాదు, మధ్యలోనే అణిగిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ‘రాని చప్పుడు కోసం మంచులో కూర్చోవడమేమిటండీ’ అన్నారు ఆవిడ. రాదని తెలియాలంటే వచ్చే టైముదాకా ఆగాలి కదా అన్నారు ఈయన. లెక్కల మాస్టారితో కాపురమంటే ఇదే. ఆవిడ చెంగు తల మీద కప్పుకుని పక్కనే కూర్చున్నారు.

ఆకుమళ్లలో కప్పలు అరుస్తున్నాయి. పదిహేను నిమిషాలు గడిచాయో లేదో, ఉపగ్రహాలు విడిపోయాయని ఫోన్లో చప్పట్లు వినిపించాయి. అంటే ఆ రాకెట్ మొదటి ఉరుము ఇంకా సముద్రం దాటి రాకముందే, దాని పని పూర్తయిపోయింది. ఒక్కోటి 220 కిలోల జంట ఉపగ్రహాలు స్పేడెక్స్ కక్ష్యలోకి చేరిపోయాయి. పద్దెనిమిదిన్నరో నిమిషం కూడా వచ్చింది. దూరంగా ఏదో గూడ్స్ బండి వంతెన మీద పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు లేచారు. ఆటోలో నిద్రపోతున్న గార్డుగార్ని లేపి, ‘కనిపించిందండీ’ అన్నారు. ‘నేను ఉన్నప్పుడు రాలేదే’ అన్నారాయన. ఇప్పటికీ ఆయన నమ్మలేదు.

ఒక మాట చెప్పాలి. ఆకాశంలో ఇంతకన్నా గొప్ప దృశ్యాలుంటాయి. పూర్తిగా చీకటి పడ్డాక కనిపించేది రాకెట్ మంట మాత్రమే. తెల్లవారేముందో, పొద్దుగూకాకో ఎగిరితే కింద మనకి చీకటిగా ఉన్నా పైన పొగ మీద ఎండ పడుతుంది. అప్పుడు ఆ పొగ తెల్లటి నెమలిపింఛంలా విచ్చుకుంటుంది. 2022 డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా తీరంలో అగ్ని-5 క్షిపణిని పరీక్షించినప్పుడు బెంగాల్లో జనం ఆ వింత వెలుగేమిటో తెలీక బెంబేలెత్తారు. మాస్టారి నిప్పురవ్వని చూసి ఎవరూ బెంబేలెత్తరు. అసలు ఎవరూ చూడరు కూడా. ఆ రాత్రి రోడ్డు మీద పోతున్నవాళ్లలో ఒక్కరైనా ఆగి అటు తలతిప్పినట్టు లేదు.

ఆ రెండు ఉపగ్రహాలూ 2025 జనవరి 16న ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అది ముక్కనుమ నాడు. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ పని చేసింది మనమే. అయితే మాస్టారింట్లో ఎక్కువ చర్చ జరిగింది దాని గురించి కాదు, బొబ్బర్ల గురించి.

రాకెట్ నాలుగో దశ కిందపడకుండా కక్ష్యలోనే తిరిగింది. అందులో ఇస్రోవాళ్లు చిన్న పెట్టెలో ఎనిమిది బొబ్బరి గింజలు పెట్టి పంపారు. నాలుగు రోజుల్లో మొలకెత్తాయని, తర్వాత ఆకులు కూడా వేశాయని పేపర్లో పడింది. మాస్టారు గట్టిగా చదివి వినిపించారు. తాము చూసిన ఆ నిప్పురవ్వ నెత్తిన బొబ్బర్లు పెట్టుకుని పోయిందంటే ఆవిడకి మొదట నమ్మకం కలగలేదు.

‘ఎనిమిది గింజలకి అంత మంటా? మన పెరట్లో మూడోనాటికే మొలుస్తాయి’ అన్నారు వంటింట్లోంచి.

‘పెరట్లో మొలవడం వేరే. అక్కడ బరువుండదు. పైకేదో కిందకేదో గింజకి తెలియదు.’

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

‘మరి ఎటు మొలిచాయండీ?’

మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని ఆ వార్త మళ్లీ మొదటినుంచి చదవడం మొదలెట్టారు.